గంటన్నర వెనక్కి జరిగిన వరద

మా పై అంతస్తులో ఉండే అమ్మాయి ఏదో కంపెనీలో డేటా శుభ్రం చేసే ఉద్యోగం చేస్తోంది. మొన్న లిఫ్టులో కలిసినప్పుడు, "మీరు కూడా ఇదే పని చేసేవారట కదా అంకుల్, బోరు కొట్టేది కాదా?" అని అడిగింది. లిఫ్టు ఆగేలోపు చెప్పగలిగిన జవాబు నా దగ్గర లేదు. ఏదో నవ్వేసి దిగిపోయాను. అందుకని ఇది రాస్తున్నాను. ఆ అమ్మాయికీ, ఆమెలాగే ఏసీ గదిలో కూర్చుని ఎక్కడో కొలిచిన అంకెలను సరిచేస్తూ జీతం తీసుకునే పిల్లలందరికీ.

నేను మస్కట్‌లో నీటి లెక్కలు చూసే ఒక ఆఫీసులో కాంట్రాక్టు మీద చాలా ఏళ్లు పనిచేశాను. ఆఫీసు ఘుబ్రాలో, ఇల్లూ అక్కడే. దేశం నలుమూలలా బావుల్లో, ఆనకట్టల దగ్గర, వాదీల ఒడ్డున పెట్టిన సెన్సర్లు పంపే అంకెలన్నీ మా సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చి పడేవి. వాదీ అంటే అక్కడి వాగు. ఏడాదిలో ఎక్కువ రోజులు అందులో గులకరాళ్లూ మేకలూ తప్ప ఏమీ ఉండవు. ఎక్కడో కొండల్లో వాన పడితే మాత్రం, ఇక్కడ ఎండ కాస్తున్నా సరే, నీళ్లు ఒక్కసారిగా వచ్చి మీద పడతాయి.

సెన్సర్లు అబద్ధాలాడతాయని ఉద్యోగంలో చేరిన కొత్తలోనే తెలిసింది. ఒంటె వచ్చి స్తంభానికి వీపు గోక్కుంటే నీటిమట్టం పెరుగుతుంది. సెన్సరు కింద సాలీడు గూడు కడితే నడి ఎండాకాలంలో వరద వస్తుంది. బ్యాటరీ నీరసిస్తే నిండు బావి ఎండిపోతుంది. ఇలాంటివి పట్టుకుని సరిచేయడమే నా పని. మా సాఫ్ట్‌వేర్‌లో ప్రతి రీడింగుకూ రెండు గళ్లుండేవి. సెన్సరు పంపింది ఒక గడిలో, మేం సరిచేసింది రెండో గడిలో. మొదటి గడిని ఎవరూ ముట్టుకోకూడదు. అయితే గ్రాఫులూ రిపోర్టులూ అన్నీ రెండో గడి నుంచే వెళ్లేవి కాబట్టి, కొన్నాళ్లకు మొదటిది ఒకటుందన్న సంగతే ఎవరికీ గుర్తుండేది కాదు.

మా సెక్షన్‌కు పెద్ద ఒక ఒమానీ ఇంజినీరు. వయసు ముప్పై దాటిందో లేదో. అందరూ ఆవిడను ముహందిసా అనేవాళ్లు, ఇంజినీరమ్మ అన్నమాట. పని క్షుణ్ణంగా తెలిసిన మనిషి. మొహమాటం మాత్రం బొత్తిగా లేదు. తప్పు కనిపిస్తే గది తలుపు వేయాలన్న ఆలోచన కూడా రాకుండా అక్కడికక్కడే దులిపేసేది. అంత చిన్న వయసులో ఆవిడ ఆ కుర్చీలోకి రావడం కొందరు పెద్దమనుషులకు గిట్టలేదు. ఎప్పుడు కాలు జారుతుందా అని కాచుకుని ఉండేవారు.

రెండో మనిషి మా ఫీల్డు టెక్నీషియన్. గోదావరి జిల్లావాడు. మస్కట్‌లోనే రూవి అనే పేటలో నలుగురు బాచిలర్లతో కలిసి ఒక ఫ్లాట్‌లో ఉండేవాడు. వాదీల దగ్గరికీ బావుల దగ్గరికీ వెళ్లి, సెన్సర్లు తుడిచి, రీడింగులు దాచుకునే పెట్టెలు తెరిచి, ల్యాప్‌టాప్ కలిపి పరీక్షించి రావడం అతని డ్యూటీ. పనిలో వంక పెట్టడానికి లేదు. ఒక్కటే పట్టింపు. రాహుకాలంలో పెట్టె తెరవడు. అలా తెరిచిన రోజున ఒకసారి పెట్టెలోంచి తేలు వచ్చిందట. అప్పటినుంచీ ఊరి నుంచి తెప్పించుకున్న క్యాలెండరు చూసుకునే బయల్దేరేవాడు.

ఒకసారి టీ తాగుతూ అడిగాను. "నీ రాహుకాలం ఇండియా టైమా, ఇక్కడి టైమా?"

"క్యాలెండరు రాజమండ్రిలో అచ్చేసిందండి గురువుగారూ. అంచేత అక్కడి టైమేనండి."

"మరి రాహువుకి ఒమాన్ వీసా ఉందా?"

"మీకు వేళాకోళంగానే ఉంటదండి. కరిస్తే కరిచేది నన్ను కదండీ."

ఇందులో తమాషా ఏమిటంటే, రాహుకాలం ఉండేది గంటన్నర. మనకూ ఒమాన్‌కూ గడియారంలో తేడా కూడా గంటన్నరే, మనం ముందు. ఏ దేశం టైము పాటించాలో తేలక రెండూ పాటిస్తే రోజుకు మూడు గంటల రాహుకాలం అవుతుందని ఆఫీసులో అతన్ని ఏడిపించేవాళ్లం. అతను మాత్రం లెక్కల గొడవ లేకుండా తన ల్యాప్‌టాప్‌లో గడియారాన్ని ఇండియా టైముకు పెట్టేసుకున్నాడు. క్యాలెండరు చూడటం, ల్యాప్‌టాప్ చూడటం, పెట్టె తెరవడం. ఆ ల్యాప్‌టాప్ కలపగానే పెట్టెలోని గడియారం కూడా దాన్ని చూసి తన టైము మార్చుకుంటుందన్న సంగతి అతనికి తట్టలేదు. అతను తిరిగే స్టేషన్లన్నీ, అంటే సెన్సరూ పెట్టే ఉన్న చోట్లన్నీ, మెల్లగా ఇండియా టైములోకి వెళ్లిపోయాయి.

దాన్ని పట్టుకున్నది ఇంజినీరమ్మే. ఒక పల్లెలో మసీదు పక్కన బావి ఉంది. నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి ఐదుపూటలా అక్కడ మోటారు వేస్తారు. వేసినప్పుడల్లా గ్రాఫులో నీటిమట్టం కాస్త పడుతుంది. ఆవిడ ఒకరోజు ఆ గ్రాఫు చూస్తూ, "ఈ ఊళ్లో అందరూ నమాజుకు గంటన్నర ఆలస్యంగా వస్తున్నారే" అంది. అంతే, తీగ లాగితే డొంకంతా కదిలింది. మా టెక్నీషియన్‌ను పిలిపించి, "జీతం ఈ దేశంలో, టైము ఏ దేశంలో?" అని అందరి ముందూ కడిగేసింది. తిరిగే స్టేషన్లన్నిటిలో గడియారాలు సరిచేసి, అయ్యాక తనతో చెప్పమంది. అప్పటిదాకా ఆగకుండా ఆ స్టేషన్ల నుంచి వచ్చే ప్రతి రీడింగునూ దానంతటదే గంటన్నర వెనక్కి జరిపేలా సాఫ్ట్‌వేర్‌లో ఒక సవరణ పెట్టింది. నమాజులన్నీ వేళకు వచ్చాయి. సవరణ పెట్టడంలో తప్పేమీ లేదు. ఆవిడ స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ణి.

ఇది జరిగిన కొన్ని నెలలకు, చలికాలం చివర్లో వానలు పట్టుకున్నాయి.

బురైమి వైపు వెళ్లే ఒక కొండదారిలో రోడ్డు వాదీలోకి దిగి మళ్లీ పైకెక్కుతుంది. వంతెన లేదు. వాన హెచ్చరిక ఉన్న రోజుల్లో రోడ్డు కాంట్రాక్టు కంపెనీ అక్కడొక మనిషిని కాపలా పెట్టేది. వాదీలో పాతిన కర్రకు ఎర్ర గీత ఉంటుంది. నీళ్లు ఆ గీతను తాకగానే గేటు దించి కంపెనీకి ఫోన్ చేయడం అతని పని. ఆ కర్రకు ఎదురుగానే మా సెన్సరు, మా టెక్నీషియన్ చూసే స్టేషనే. ఆ రోజు మధ్యాహ్నం మేకలకు దాణా తీసుకుని వస్తున్న ఒక ఒమానీ ముసలాయన పికప్‌తో సహా కొట్టుకుపోయాడు. మర్నాడు కిందెక్కడో దొరికాడు. అప్పటికే ప్రాణం పోయింది.

విచారణకు ఒక కమిటీ వేశారు. పోలీసు అధికారి ఒకరు, రోడ్ల ఆఫీసు నుంచి ఒకరు, మా ఇంజినీరమ్మ. వాళ్లు ఆ స్టేషన్ గ్రాఫు అడిగారు. నేనే ప్రింటు తీసి ఇచ్చాను. గ్రాఫు ప్రకారం పదకొండుంబావుకు నీళ్లు ఎర్ర గీత దాటాయి. గేటు మనిషి కంపెనీకి ఫోన్ చేసింది పన్నెండుముప్పావుకు. అది ఫోను చెబుతున్న లెక్క, కాదనడానికి లేదు. ముసలాయన మధ్యాహ్నం నమాజు చేసుకుని బయల్దేరాడని ఇంట్లోవాళ్లు చెప్పారు. అన్నీ కలిపి చూస్తే తేలేది ఒక్కటే. గంటన్నర పాటు వాదీ పొంగుతుంటే గేటు మనిషి గేటు తెరిచే ఉంచాడు.

గేటు మనిషి జగిత్యాల వైపు నుంచి వచ్చినవాడు. నలభై ఉంటాయేమో. అంతకుముందంతా కట్టడం పనిలో ఉండి, నడుము నొప్పి వచ్చాక గేటు డ్యూటీకి మారాడట. హిందీ అంతంతమాత్రం. కమిటీ మా ఆఫీసులోనే కూర్చుంది కాబట్టి అతని మాటలు చెప్పడానికి నన్ను పిలిచారు. మొదటిరోజు అతను గట్టిగానే మాట్లాడాడు.

"నీళ్లు ఎర్ర గీతకు రాంగనే గేటేసిన సార్. ఏసినంకనే ఫోన్ జేసిన. గా బండి అంతకుముందే వాదీల దిగింది. అప్పటికి నీళ్లు టైర్లకు గూడ అందుతలెవ్. బండి నడిమిట్ల ఉండంగ ఒక్కపారి వచ్చినయి. కేకలు వెట్టిన. ఆయనకు ఇనవడలే."

నేను ఇంగ్లీషులో చెప్పాను. రోడ్ల ఆఫీసు పెద్దమనిషి గ్రాఫును అతని ముందుకు జరిపి, పదకొండుంబావు దగ్గర వేలు పెట్టి, "మరి ఇదేమిటని అడగండి" అన్నాడు. అడిగాను. అతను కాగితాన్ని చూశాడు, నన్ను చూశాడు. "అది నాకు దెల్వదు సార్. నేను చూసింది జెప్పిన" అన్నాడు.

నిజం చెప్పాలంటే నేనూ గ్రాఫునే నమ్మాను. భయపడి కథ అల్లుతున్నాడనుకున్నాను. మా అంకెల మీద మాకు అంత నమ్మకం ఉండేది.

వారం తర్వాత మళ్లీ పిలిచారు. ఈసారి అతను వాంగ్మూలం మీద సంతకం చేయాలి. ముందుగా వచ్చి వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. మనిషి సగమయ్యాడు. పక్కనే కూర్చుని, ఏం చెప్పాలనుకుంటున్నావని అడిగాను.

"నేను పండుకున్ననేమో సార్" అన్నాడు.

"అదేంటయ్యా, మొన్న మెలకువగానే ఉన్నానన్నావు?"

"ఉన్ననే అనుకున్న. గని కంప్యూటర్ల అట్ల ఉన్నదంటె నేనేమనాలె? గంటన్నర సేపు నీళ్లు వోతుంటె నాకు కానరాలేదంటె పండుకునే ఉంట గద. కూసున్నకాడనే కన్ను అంటుకున్నదేమో. కలల నీళ్లు వచ్చినట్టు చూసిన్నేమో." మళ్లీ తనే, "ఇంటికి గూడ ఫోన్ జేసి చెప్పిన సార్. నా చేతుల ఒక మనిషి పాణం వోయిందని. మా ఇంటామె రెండు దినాల సంది అన్నం తింటలేదంట" అన్నాడు.

కంపెనీ మేనేజరు అతనితో, తప్పు ఒప్పుకుంటే కేసు పెద్దది కాకుండా చూసి ఇంటికి పంపించేస్తామని చెప్పాడట. అతను ఒప్పుకోవడానికి సిద్ధమైంది అందుకు కాదు. నిజంగానే నిద్రపోయానని నమ్మడం మొదలుపెట్టాడు. నన్ను కుదిపింది అదే. భయపడి అబద్ధమాడేవాణ్ణి చాలామందిని చూశాను. తన కళ్లతో చూసినదాన్ని మా గ్రాఫు చూసి తనే చెరిపేసుకుంటున్న మనిషిని అదే మొదటిసారి చూడటం.

సంతకాలకు ఇంకా సమయం ఉంది. నా సీటుకు వెళ్లి కంప్యూటర్ తెరిచాను. కమిటీ అడిగింది ఆ ఒక్క స్టేషన్ గ్రాఫే కాబట్టి మేం ఇచ్చింది అదొక్కటే. అడిగినదానికే జవాబిచ్చే అలవాటు ఆఫీసుల్లో అందరికీ ఉంటుంది. ఆ వాదీ మీదే, పైన కొండల్లో ఆనకట్ట దగ్గర ఇంకో స్టేషన్ ఉంది. దాన్ని వేరే కాంట్రాక్టువాళ్లు చూసుకునేవారు. రెండు గ్రాఫులూ ఒకదాని కింద ఒకటి పెట్టాను. పైన ఆనకట్ట దగ్గర వరద వచ్చింది పన్నెండు గంటలకు. కింద రోడ్డు దగ్గరికి పదకొండుంబావుకే చేరిపోయింది. అంటే మా సాఫ్ట్‌వేర్ లెక్కన ఆ రోజు నీళ్లు ఇంకా కొండ దిగకముందే రోడ్డు మీదికి వచ్చాయి.

మొదటి గడి తెరిచాను. సెన్సరు పంపిన టైము పన్నెండుముప్పావు. సవరించిన టైము పదకొండుంబావు. మధ్యలో గంటన్నర. గల్ఫ్‌లో ఉన్న ఇండియావాడికి ఆ గంటన్నర గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇంటికి ఫోన్ చేయాలన్నా, వాళ్లు పడుకున్నారా లేచారా అనుకోవాలన్నా ఆ లెక్క వేసుకోకుండా మాకు రోజు గడవదు.

ఇంజినీరమ్మ గదికి వెళ్లాను. విషయం చెబుతుండగానే ఆవిడ ముఖం బిగుసుకుంది.

"ఆ గేటు మనిషి మీ భాషవాడే కదా" అంది.

"అవును మేడమ్."

"అందుకే వచ్చిందా ఈ అనుమానం?"

"భాష ఒకటి కాబట్టి అతని మాట పూర్తిగా అర్థమైంది మేడమ్. అనుమానం మాత్రం గ్రాఫు చూశాకే వచ్చింది."

ఆవిడ నా చేతిలోంచి కాగితాలు తీసుకుంది. పై స్టేషనూ కింద స్టేషనూ పక్కపక్కన పెట్టి చూసింది. తర్వాత కంప్యూటర్‌లో ఆ స్టేషన్ మీద ఉన్న సవరణ తెరిచింది. పెట్టింది ఎవరో అక్కడ రాసి ఉంది. ఆ పేరు మీద వేలు పెట్టి, "ఇది నాదే" అంది. తర్వాత టెక్నీషియన్‌ను పిలవమంది.

అతను వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"గడియారాలు మార్చావా?"

"మార్చాను మేడమ్."

"ఎప్పుడు?"

"మీరు తిట్టిన వారమే, అన్నీ తిరిగి మార్చేశాను."

"అయ్యాక చెప్పమన్నాను కదా."

అతను నావైపు తిరిగి తెలుగులో అన్నాడు. "వెళ్దామనే అనుకున్నానండి. గుమ్మందాకా వచ్చి కూడా, మళ్లీ అందరి ముందూ ఏమంటారోనని వెనక్కెళ్లిపోయానండి. మార్చమన్నారు, మార్చేశాను. పని అయిపోయింది కదాని ఊరుకున్నానండి."

ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను, అందరి ముందూ అన్న ముక్కతో సహా. పెట్టెల్లో గడియారాలు సరైపోయాయి. ఇక్కడ సవరణ మాత్రం ఆగకుండా ప్రతి రీడింగునూ గంటన్నర వెనక్కి నెడుతూనే ఉంది. మరి ఇన్ని నెలలు ఎవరికీ ఎందుకు తెలియలేదంటే, ఎండిన వాదీలో సున్నాను గంటన్నర వెనక్కి జరిపినా అది సున్నానే. మసీదు బావిలో ఆ రోజుల్లోనే మోటారు కాలిపోయి, అప్పటినుంచీ వాళ్లు ట్యాంకరు నీళ్లు తెప్పించుకుంటున్నారు. అబద్ధం బయటపడాలంటే వరద రావాలి. వచ్చింది, ఒక మనిషిని తీసుకుపోయి ఇంకొకడి మెడకు చుట్టుకుంది.

ఆ రోజు సంతకాలు ఆపించింది ఇంజినీరమ్మే. రికార్డు ఇంకోసారి చూడాలి, రెండు రోజులు కావాలి అని చెప్పింది. కారణం అప్పుడే చెప్పలేదు. అయితే మా కాగితాలు సరిపోవని మా ఇద్దరికీ తెలుసు. మొదటి గడిలో ఇలా ఉంది, రెండో గడిలో అలా ఉంది అంటే, మీ మనిషిని కాపాడటానికి మీకు నచ్చిన గడి ఎంచుకున్నారంటారు. పెట్టె గడియారం ఇప్పుడు ఏ టైము చూపిస్తోందో కమిటీ తన కళ్లతో చూడాలి. అందుకని గురువారం పోలీసు అధికారిని వెంటబెట్టుకుని మేం ముగ్గురం బయల్దేరాం.

దారిపొడవునా ఇంజినీరమ్మ కిటికీ బయటికి చూస్తూ కూర్చుంది. ఆవిడ ఆలోచన నాకు కొంత అర్థమైంది. గేటు మనిషి తప్పు చేశాడంటే ఆవిడకు ఏ ఇబ్బందీ లేదు. చేయలేదంటే తప్పు ఆవిడ సెక్షన్‌ది, ఆవిడ పేరుతో ఉన్నది. కాలు జారడం కోసం చూస్తున్నవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి. సవరణను చడీచప్పుడు లేకుండా తీసేసి, సంతకం పెట్టనిస్తే సరిపోయేది. ఆ దారి ఒకటుందని ఆవిడకు తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం దాని ఊసెత్తలేదు.

వాదీ దగ్గరికి చేరేసరికి పన్నెండు దాటింది. నీళ్లు ఎప్పుడో పోయాయి. రాళ్ల మీద బురద ఎండి పెచ్చులు లేచి ఉంది. గేటు దగ్గర వేరే మనిషి కూర్చున్నాడు. టెక్నీషియన్ తాళంచెవి పట్టుకుని పెట్టె ముందు నిలబడిపోయాడు.

"ఏమైంది?" అన్నాను.

"గురువారం కదండీ. మన టైము ప్రకారం ఇప్పుడు రాహుకాలం నడుస్తుందండి."

ఇంకోరోజైతే ఒక మాట విసిరేవాణ్ణే. పోలీసు అధికారి ఎండలో నిలబడి ఆలస్యమెందుకని అడుగుతున్నాడు. "ఇక్కడి టైము ప్రకారం ఇంకా మొదలవలేదులే" అన్నాను. అతను నా ముఖంలోకి చూశాడు. అది వేళాకోళం కాదని అర్థమైనట్టుంది. కళ్లు మూసుకుని ఏదో అనుకుని తాళం తీశాడు. తేలు లేదు, ఏమీ లేదు.

ల్యాప్‌టాప్ కలిపితే పెట్టె గడియారం మారిపోతుంది కాబట్టి కలపనివ్వలేదు. పెట్టె మీదే చిన్న తెర ఉంటుంది. దాన్ని వెలిగించి, పోలీసు అధికారి తన ఫోను పక్కన పెట్టి చూసుకున్నాడు. రెండూ ఒకటే టైము. చివరిసారి గడియారం ఎప్పుడు మార్చారో కూడా ఆ పెట్టె గుర్తుంచుకుంటుంది. అది టెక్నీషియన్ తిట్లు తిన్న వారమే. అధికారి అన్నిటికీ ఫొటోలు తీసుకున్నాడు. ఇంజినీరమ్మ ఎర్ర గీత ఉన్న కర్ర దాకా నడుచుకుంటూ వెళ్లి, అక్కడి నుంచి గేటు వైపు చూస్తూ కాసేపు నిలబడింది.

ఆదివారం కమిటీ కూర్చుంది. చనిపోయిన ముసలాయన కొడుకును కూడా పిలిచారు. గేటు మనిషి బయట బెంచీ మీద ఉన్నాడు, వాళ్ల మేనేజరు పక్కన. లోపల ఇంజినీరమ్మ ఒకే కాగితం మీద మూడు గీతలు గీయించి తెచ్చింది. వేలు పెట్టి ఒక్కొక్కటే చూపించింది. "ఇది పైన ఆనకట్ట. ఇది మా సెన్సరు పంపింది. ఇది నేను జరిపింది. జరపాల్సిన అవసరం ఉన్నప్పుడు జరిపాను. అవసరం తీరాక కూడా అది జరుపుతూనే ఉంది, నేను చూసుకోలేదు. మీకు ముందు ఇచ్చిన గ్రాఫు తప్పు."

రోడ్ల ఆఫీసు పెద్దమనిషి ఊరుకోలేదు. "పోయినసారి ఒక గ్రాఫు ఇచ్చారు. ఇవాళ ఇంకోటి. రేపు మూడోది తెస్తారా?" అన్నాడు.

"తేను. మొదటిదాన్ని నేను చెరపలేదు, దాచలేదు. రెండూ మీ ముందే ఉన్నాయి. ఏది నిజమో పెట్టె చెప్పింది, ఈయన చూశారు" అని పోలీసు అధికారిని చూపించింది. ఆయన ఫొటోలు బయటపెట్టాడు. నీళ్లు ఎర్ర గీతను తాకింది పన్నెండుముప్పావుకు. గేటు పడింది, ఫోన్ వెళ్లింది అప్పుడే. మధ్యలో గంటన్నర లేదు, అసలు ఏమీ లేదు.

ముసలాయన కొడుకు ఒకే ప్రశ్న అడిగాడు. "అయితే మా నాన్న దిగినప్పుడు నీళ్లు తక్కువగానే ఉన్నాయా?" ఇంజినీరమ్మ ఉన్నాయంది. అతను తల ఊపాడు. పొంగే వాదీలోకి తండ్రి కావాలని బండి దింపాడని ఊళ్లో అనుకుంటున్నారట. ఆ మాట తర్వాత తెలిసింది. మా గ్రాఫు బతికున్నవాడి మీదే కాక చచ్చిపోయినవాడి మీద కూడా నింద వేసిందన్నమాట.

ఇంజినీరమ్మకు మెమో వచ్చింది. ఆ ఏడు రావలసిన ప్రమోషనూ రాలేదు. ఆవిడ దాని గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. టెక్నీషియన్‌ను మాత్రం మళ్లీ ఎప్పుడూ నలుగురిలో తిట్టలేదు. పిలిచి తలుపు వేసి తిట్టేది. అతను కూడా పని అవగానే వెళ్లి చెప్పి వచ్చేవాడు. మా సెక్షన్‌లో కొత్త పద్ధతి పెట్టారు. ఏ సవరణ పెట్టినా అది ఎప్పుడు ముగుస్తుందో కూడా పెట్టినవాళ్లే రాయాలి. రాయకపోతే సాఫ్ట్‌వేర్ తీసుకోదు. పిల్లలూ, ఈ పనిలో ఉన్నందుకు మీకు చెప్పగలిగింది నా దగ్గర ఆ ఒక్కటే ఉంది. అంకెను సరిచేయడం అందరికీ వస్తుంది. సరిచేయడం ఎప్పుడు ఆపాలో ముందే రాసి పెట్టుకోండి. ఇంకా ఒకటి, మీ తెర మీద కనిపించే గీత కింద ఎక్కడో ఎవరో ఒక మనిషి నిలబడి చూసి ఉంటాడు. వీలైతే వాణ్ణి కూడా అడగండి.

ఇంక ఆ ఆదివారం సంగతి. కమిటీ లేచాక గేటు మనిషికి చెప్పమని ఇంజినీరమ్మ నన్నే పంపింది. బెంచీ దగ్గరికి వెళ్లి, నీ తప్పేమీ లేదు, నువ్వు నిద్రపోలేదు, నీళ్లు రాగానే గేటు వేశావు, తప్పు మా కంప్యూటర్‌ది అని చెప్పాను. మేనేజరు ఫోను తీసి దూరంగా వెళ్లిపోయాడు. ఇతను మాత్రం నన్నే చూస్తూ కూర్చున్నాడు. సంతోషపడతాడనుకున్నాను. "నిజంగనేనా సార్" అన్నాడు. నిజంగానే అన్నాను. ఇంకోసారి చెప్పమన్నాడు. చెప్పాను.

తర్వాత ఫోను తీసి ఇంటికి చేశాడు. నేను పక్కనే ఉన్నాను.

"ఇంటున్నవా? నేను పండుకోలేదంట. మెలుకువతోనే ఉన్ననంట."

అవతల భార్య ఏదో అడిగింది. అక్కడ నిలబడ్డ నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ మధ్యాహ్నం మెలకువగా ఉన్నదీ, నీళ్లు రావడం చూసిందీ, గొంతు పోయేలా అరిచిందీ అతనే.

"ఎవలు జెప్పిన్రంటె," అన్నాడు భార్యతో, "ఈడ సార్లు జెప్పిన్రు. కంప్యూటర్ల చూసి చెప్పిన్రు."